యమునకివ్వకండి, నాకివ్వండి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషికి విషయం సరిగ్గా విడమరచి చెబితే చాలు, తప్పకుండా మారతాడని. ఇప్పుడు మా పిల్లవాడికి పళ్ళు తోముకునేటప్పుడు కొళాయి కట్టెయ్యమని రోజూ విడమరచి చెబుతున్నాను, వాడు రోజూ “ఓకే నాన్నా” అంటున్నాడు, కొళాయి మాత్రం పారుతూనే ఉంది. కానీ అప్పటికి నాకు ఇరవైమూడేళ్ళు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, నా మాట ఎవరూ వినకపోవడమనే అనుభవం ఇంకా మొదలుకాలేదు. అందుచేత యమునానదిని బాగుచేద్దామని బయలుదేరాను. (నవ్వదలుచుకుంటే ఇప్పుడే నవ్వేయండి, ముందు ముందు నేనే నవ్విస్తాను కనక మీకు మళ్ళీ ఓపిక కావాలి.)

నిజానికి నాకూ నదులకూ చుట్టరికం తక్కువ. మాది అనంతపురం వైపు పల్లెటూరు. ఊరి పక్కన ఏరు ఉందంటే ఉంది, అందులో మేము క్రికెట్ ఆడేవాళ్ళం. ఎండాకాలం, వానాకాలం అనే తేడా లేకుండా పిచ్ బాగుండేది. ఢిల్లీ సాకేత్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం వచ్చి, మయూర్ విహార్‌లో గది తీసుకుని, మొదటిరోజు మెట్రోలో యమున దాటుతూ అంత వెడల్పున నీళ్ళు కనబడేసరికి నేను నిజంగానే లేచి నిలబడ్డాను. సీటు పోయింది. రెండోరోజు ఆ నీళ్ళ రంగు చూశాను. మూడోరోజు యమునా బ్యాంక్ స్టేషన్లో తలుపులు తెరుచుకున్నప్పుడు వాసన తెలిసింది. దీపావళి దగ్గరపడేసరికి నీళ్ళమీద తెల్లటి నురగ గుట్టలు గుట్టలుగా లేచింది, పక్కసీటాయన దానికి ఫోటో తీసి ఎవరికో పంపుకుంటున్నాడు. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం పారబోస్తే ఎలా ఉంటుందో నాకు అలా ఉండేది. నీళ్ళు లేని ఊరివాడికి, నీళ్ళు పాడుచేసేవాళ్ళమీద వచ్చే కోపం వేరు.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో హెచ్చార్ మేడమ్ ‘నదీ వారం’ ప్రకటించి, ముందుకొచ్చేవాళ్ళు చెయ్యెత్తమంది. మిగతా అందరూ లాప్‌టాప్‌లోకి చూస్తున్నప్పుడు నేనొక్కణ్ణే చెయ్యెత్తాను. ఒక ఆకుపచ్చ టీషర్టు ఇచ్చారు, కింద నా ఫోన్ నంబరు వేస్తామని చెప్పి, చేతులు చాపించి ఒక ఫోటో తీశారు, మీ కాలనీలో ప్రచారం చెయ్యమన్నారు. నదిని అసలు ముంచేది మురుగు కాలువలూ ఫ్యాక్టరీల నీళ్ళూనని నాకూ తెలుసు. కానీ కాలువ ఎదుట నిలబడి ఉపన్యాసమిస్తే ఎవరు వింటారు? వినేవాళ్ళు మా అపార్ట్‌మెంట్ సొసైటీలో ఉన్నారు. పూజలో వాడిన పూలూ దండలూ ప్లాస్టిక్ సంచీలో ముడివేసి, వంతెనమీద కారు ఆపి, అడ్డుగా కట్టిన ఇనుప వలకున్న కంతలోంచి నదిలోకి విసిరి, భక్తిగా దణ్ణం పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళే మర్యాదస్తులు. నా గురి వాళ్ళమీద.

దీపావళికి వారం ముందు, ఆదివారం పొద్దున సొసైటీ పార్కులో మీటింగు పెట్టించాను. సెక్రటరీ అంకుల్ నాకు దండ వేశారు. (దండ ప్లాస్టిక్‌ది. అప్పుడు గమనించలేదు.) నా హిందీ అప్పటికి అంతంతమాత్రం, కానీ ఆవేశం వ్యాకరణాన్ని లెక్కచేయదు కదా. పూలన్నీ పోగుచేసి పార్కు మూల గుంటలో ఎరువు చేద్దామని చెప్పవలసినవాణ్ణి, చప్పట్ల జోరులో అది మరిచిపోయి, రెండు చేతులూ చాచి, “యమునాజీ కో మత్ దీజియే, ముఝే దీజియే” అనేశాను. యమునమ్మకివ్వకండి, నాకివ్వండి. పార్కంతా మోగిపోయింది. ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రానికే సొసైటీలో నా పేరు పోయి ‘జమునా భయ్యా’ అయ్యాను.

ఇప్పుడు దక్షిణాదినుంచి వచ్చినవాడికి మాత్రమే జరగగల పొరపాటు ఒకటి చెప్పాలి. నాకు దీపావళి అంటే టపాకాయలూ, తలంటూ. ఢిల్లీలో దీపావళి అంటే లక్ష్మీ-గణేశులు. ప్రతి ఇంట్లోనూ ప్రతి ఏడూ కొత్త లక్ష్మినీ కొత్త గణేశుణ్ణీ జంటగా కొనుక్కొచ్చి పూజలో పెడతారు. కొత్తజంట వచ్చిందంటే పాతజంట వెళ్ళిపోవాలి. ఎక్కడికి? అప్పటిదాకా యమునలోకి. ఇకనుంచి నా దగ్గరికి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు.

పండగ మర్నాడు పొద్దున్నే తలుపు తడితే తీశాను. గుమ్మం ముందు నలుగురు, తలా ఒక జంటతో. సాయంత్రానికి వరస మెట్లమీదికి పోయింది. లక్ష్మీ-గణేశులతో మొదలై, చెయ్యి విరిగిన కృష్ణుడు, రంగు వెలిసిన దుర్గ, పదేళ్ళ కాలెండర్లు, అద్దం పగిలిన పటాలు, చివరికి వినాయకుడి బొమ్మ ఉన్న పెళ్ళిపత్రికలు వచ్చాయి. పెళ్ళిపత్రికలు ఎందుకని అడిగితే ఒక ఆంటీ, “బేటా, వినాయకుణ్ణి చెత్తలో ఎలా వేస్తాం?” అంది. ఆ పత్రికల్నీ గణేశుల పక్కనే పేర్చాను. 

నాతో ఆ గదిలో ఉండేవాణ్ణి మేము కలెక్టర్ అనేవాళ్ళం. కరీంనగర్ వాడు, రోజూ ఓల్డ్ రాజిందర్ నగర్ వెళ్ళి రీడింగ్ రూములో సివిల్స్‌కి చదివేవాడు. ప్రిలిమ్స్ ఇంకా దాటలేదుగానీ పోస్టింగ్ మేమే ఇచ్చేశాం. వాడు రాత్రి భోజనానికి తిరిగొచ్చి, బూట్లు గుమ్మంలోనే విప్పి, లోపల కాలు పెట్టే చోటు వెతికాడు.

“అన్నా, మనం రూమ్ల ఉంటున్నమా, గుళ్ళ ఉంటున్నమా?”

“రెండు రోజులేరా. ఏదో ఒక దారి చూస్తా.”

“నేను కాళ్ళు ఎటు వెట్టి పండాలె చెప్పు. అటు దుర్గమ్మ, ఇటు సాయిబాబా.”

నిజమే, అది పెద్ద సమస్య. దేవుడివైపు కాళ్ళు చాపకూడదని పెరిగినవాళ్ళం ఇద్దరమూ. మంచాలు నాలుగువైపులా తిప్పి చూశాం, ఎటు తిప్పినా ఎవరో ఒకరు పాదాల దగ్గరికి వచ్చారు. చివరికి మోకాళ్ళు ముడుచుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాం. కోడిగుడ్లు మానేశాం. కలెక్టర్ కోడికూర తినాలంటే మెట్రో ఎక్కి వేరే మిత్రుడి గదికి వెళ్ళి, స్నానం చేసి తిరిగొచ్చేవాడు. ఈలోగా ఎదురింటివాళ్ళు ఆఫీసుకు వెళ్తూ మా తలుపుకి దణ్ణం పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరో గుమ్మం దగ్గర లడ్డూలు పెట్టి వెళ్ళారు (అవి మేము వదులుకోలేదు). ఒకాయన వచ్చి వాళ్ళమ్మాయి నిశ్చితార్థానికి మంచిరోజు చెప్పమన్నాడు.

ఆఫీసులో హెచ్చార్ మేడమ్‌ని సాయమడిగాను. ఆవిడ చాలా మంచి మనిషి. “బట్ దట్ వాజ్ రివర్ వీక్. ఇది మైండ్‌ఫుల్‌నెస్ వీక్” అని, నాకు కళ్ళుమూసుకుని ఊపిరి పీల్చడం నేర్పించింది. అమ్మకి ఫోన్ చేసి, మన ఊళ్ళో పాత పటాలు ఏంచేస్తారని అడిగాను.

“ఏట్లో ఇడిసేస్తాం గదప్పా.”

“మన ఏట్లో నీళ్ళు యాడుండాయి మా?”

“నీళ్ళు వచ్చినప్పుడు పోతాయిలే. దేవునికి తొందరేముంటాది, నీకుండాలగానీ.”

ఇదంతా ఎలాగో ఒకలా ఓర్చుకునేవాణ్ణేగానీ, నన్ను నిజంగా ఇరుకున పెట్టింది రెండో అంతస్తులో ఉండే తెనాలి ఆంటీ. ఢిల్లీ స్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైంది. ఆదివారాలు మాకిద్దరికీ పప్పూ గోంగూర పచ్చడీ పెట్టేది ఆవిడే. ఆవిడా ఒకరోజు పసుపు గుడ్డలో చుట్టిన పటం పట్టుకుని నాలుగో అంతస్తులో మా గదికి వచ్చింది. వెంకటేశ్వరస్వామి పటం. సగం చెదలు తినేసింది, స్వామి కిరీటమూ ఒక చెయ్యీ మాత్రం మిగిలాయి.

“మీ అంకుల్ రోజూ బొట్టుపెట్టిన పటం బాబూ ఇది. పాతయ్యి ఏవన్నా ఉంటే ఏట్లో కలిపొచ్చే పని ఆయనదే. ఆయన పోయి ఏడాదైంది. బ్రిడ్జి మీదికి నేను పోలేను, చెత్తలో ఎయ్యలేను. నువ్వు తీసుకుంటానన్నావంట గదా?”

“తీసుకుంటానాంటీ.”

“అచ్ఛా. కాపోతే ఒక్క మాట. దీన్ని ఎక్కడ కలిపావో, ఎట్టా కలిపావో నాకొచ్చి చెప్పాల. ఆయనకి నేను చెప్పుకోవాల గదా.”

గుండెమీద చెయ్యి వేసుకుని చెబుతానన్నాను. ఆ క్షణంలో నాకు ఏమాత్రం దారి తెలియదు. తెలియదని చెప్పే ధైర్యమూ లేదు, ఎందుకంటే నేను జమునా భయ్యాని. ఆ తరవాత లిఫ్టులో కనబడినప్పుడల్లా “అయిందా బాబూ?” అనేది, నేను “అవుతోందాంటీ” అనేవాణ్ణి. వారం గడిచేసరికి లిఫ్టు మానేసి మెట్లెక్కసాగాను.

అంతలో ఇంటి ఓనర్ అంకుల్ ఫోన్ చేశాడు. ఆయన ఘాజియాబాద్‌లో ఉంటాడు. తన ఫ్లాటులో గుడి వెలిసిందని ఎవరో కబురు మోశారు. నేనేదో పుణ్యకార్యం చేస్తున్నానని మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన భయం వేరు. ఈ ఊళ్ళో గుడి ఒకసారి వెలిసిందంటే దాన్ని కదిలించే మొనగాడు లేడు, ఇంక స్థలం పోయినట్టే లెక్క అని ఆయన లోకానుభవం. “ఆదివారం వస్తాను. ఆలోపల ఖాళీ చెయ్. దేవుళ్ళనైనా ఖాళీ చెయ్, నువ్వైనా ఖాళీ చెయ్” అన్నాడు.

శనివారం తెల్లవారి ఏడింటికి, కలెక్టర్ రీడింగ్ రూముకి బయలుదేరగానే, నేను చేసిన పని చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. రెండు గోనెసంచుల్లో పట్టినన్ని విగ్రహాలు వేశాను. రెండోదాంట్లో పైన ఆంటీ పసుపు మూట పెట్టాను. ఈ ఒక్కసారికే అనుకున్నాను. ఇంత పెద్ద నదికి రెండు సంచులు ఒక లెక్కా అనుకున్నాను. పార్కులో నేను మూడువారాల కిందట తిట్టిపోసిన వాదనలన్నీ వరసగా నాకే గుర్తొచ్చాయి, ఒక్కొక్కటీ ఎంతో సబబుగా కనిపించింది. ఆటో ఎక్కి వంతెన అన్నాను. ఆటోవాలా సంచుల వంక చూసి, ఎక్కడ అని కూడా అడగలేదు. పొగమంచులో సగం వంతెన దాటి, ఒకచోట ఆపి, “ఇక్కడ వల చిరిగుంటుంది భయ్యా. అందరూ ఇక్కడే వేస్తారు” అన్నాడు.

దిగి, సంచులు ఈడ్చుకుంటూ వలదాకా వెళ్ళి తలెత్తాను. వలలో కంత ఉన్నచోట, కంతని కప్పుతూ, ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫ్లెక్సీమీద ఆకుపచ్చ టీషర్టు వేసుకుని, రెండు చేతులూ చాచి నవ్వుతూ, నేను. పక్కనే పెద్ద అక్షరాలతో ‘ముఝే దీజియే’. కింద నా ఫోన్ నంబరు. నేను చెప్పగా విని ఈ మాట అచ్చువేసిన మా ఆఫీసువాళ్ళు, ఇది ఎక్కడ కట్టారో నాకు చెప్పనేలేదు. నదిలో వెయ్యాలంటే నేను నా మొహం పట్టుకుని పైకెత్తాలి.

కొంతసేపు ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. వాడు నవ్వడం మానలేదు. నేను పసుపు మూట చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ సంచిలో పెట్టాను, మళ్ళీ తీశాను. ఆంటీకి ఏం చెబుతాను? కిందికి చూస్తే నల్లటి నీళ్ళమీద నురగ, నురగలో చిక్కుకుని ముందుకు కదలని ప్లాస్టిక్ సంచులు. ఆంటీవాళ్ళాయన రోజూ బొట్టుపెట్టిన స్వామిని ఆ సంచుల మధ్యకి విసిరానని ఆవిడ మొహమ్మీద చెప్పగలనా? సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, అది మాత్రం పొగమంచువల్లేనని అప్పుడు సర్దిచెప్పుకున్నాను.

ఆ సమయానికి వెనక ఒక కారు ఆగింది. ముసలి దంపతులు దిగారు, ఆయన చేతిలో ఒక సంచి. ఆవిడ ఫ్లెక్సీ చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫ్లెక్సీ చూసింది. “అరే, యే తో వహీ హై” అని ఆయన మోచెయ్యి పొడిచింది. వాడే వీడు. ఆయన నా గోనెసంచుల్ని చూసి, పాపం ఎంత మంచివాడో, ఇంత చలిలో వంతెనమీద నిలబడి ఎవరూ నదిలో వెయ్యకుండా పోగుచేస్తున్నానని అర్థం చేసుకున్నాడు. తన సంచి నా చేతిలో పెట్టి, నా తలమీద చెయ్యి వేసి, “జీతే రహో బేటా” అని దీవించాడు. వాళ్ళు నా వెనక నిలబడి ఫోటో కూడా తీసుకున్నారు. అలా రెండు సంచులు వదిలించుకుందామని వెళ్ళినవాణ్ణి మూడు సంచులతో ఇల్లు చేరాను. ఆటోవాలా దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

మూడు సంచులతో నాలుగంతస్తులు ఎక్కలేక లిఫ్టు దగ్గరికి వెళ్తే, పాలప్యాకెట్లతో ఆంటీ నిలబడి ఉంది.

“అయిందా బాబూ?”

ముందు సంచులు లిఫ్టులోకి లాగాను. లిఫ్టు కదిలాక మొత్తం చెప్పేశాను. దారి తెలియకుండానే మాటిచ్చానని, పొద్దున్నే వంతెనమీదికి వెళ్ళానని, ఆవిడ పటం రెండుసార్లు చేతిలోకి తీసుకున్నానని, విసరలేకపోయానని. రెండో అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది. ఆంటీ దిగలేదు. నాతోపాటు నాలుగో అంతస్తుకి వచ్చి, మా గది గుమ్మంలో చెప్పులు విడిచి, లోపల మిగిలిన దేవుళ్ళందర్నీ ఒక్కొక్కళ్ళనే చూసింది. తిట్టబోతోందని తల వంచుకున్నాను.

“వీళ్ళందరికీ ఉద్వాసన చెప్పావా?” అంది.

నేను తెల్లమొహం వేశాను. వినాయకచవితికి పూజంతా అయ్యాక, స్వామీ నీ స్థానానికి నువ్వు దయచెయ్యి అని వేడుకుని, విగ్రహాన్ని కొంచెం పక్కకి జరుపుతారు. మా ఇంట్లోనూ చేసేవారు. నేను ఆ సమయానికి ఎప్పుడూ ఉండ్రాళ్ళ దగ్గర ఉండేవాణ్ణి.

“దేవుణ్ణి పిలవటం వచ్చినోళ్ళకి పంపించటం కూడా రావాల బాబూ. ఆ మాట చెబితే ఆయన వెళ్ళిపోతాడు, మిగిలేది మట్టి. చుట్టం వెళ్ళిపోయాక కుర్చీని కూడా బస్సెక్కిస్తామా ఏంది? కుర్చీని ఏం చేసుకోవాలో మన ఇష్టం.”

ఇది శాస్త్రమో, ఆంటీ శాస్త్రమో నాకు తెలియదు. కానీ ఆ మాటతో నా గుండెల మీంచి మూడు సంచుల బరువు దిగింది.

మర్నాడు ఆదివారం మేడమీద కార్యక్రమం. ఆంటీ ఇంట్లోంచి ప్లాస్టిక్ టబ్బులు వచ్చాయి. ఆవిడ ఒక్కొక్క విగ్రహాన్నీ ముందు పెట్టుకుని, ఉద్వాసన చెప్పి, కొంచెం జరిపి కలెక్టర్‌కి అందించేది. వాడు పాత స్కేలుతో రంగు గీకేవాడు (“రాజ్యాంగం చదవంగ గిది కూడ సిలబస్లున్నదని తెల్వదన్నా” అన్నాడు). నేను నానబెట్టేవాణ్ణి. మధ్యలో ఓనర్ అంకుల్ వచ్చాడు. గుడి ఖాళీ అవుతోందని చూసి ఎంత సంతోషించాడంటే, ప్యాంటు మడిచి తనూ కూర్చుని, పదిమంది గణపతుల్ని స్వయంగా సాగనంపాడు. నానిన మట్టీ, కాలెండర్ల కాగితమూ పార్కు గుంటలోకి వెళ్ళాయి. టబ్బులో నీళ్ళు బాత్రూములో పారబోయబోతే ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. “ఆ తూములోంచి మళ్ళీ ఎక్కడికి పోద్దనుకున్నావు?” అంది. యమునకే. ఉద్యమనాయకుడికి అదీ తోచలేదు, ఆ నీళ్ళూ గుంటకే మోశాను. కొన్ని విగ్రహాలు మాత్రం ఎంత నానబెట్టినా చెక్కుచెదరలేదు. వాటికి ఆంటీ తన దగ్గరికొచ్చే ట్యూషన్ పిల్లలచేత కొత్త రంగులు వేయించింది. ఆ పై దీపావళికి వాటిల్లో చాలామటుకు సొసైటీవాళ్ళే తీసుకున్నారు.

అన్నిటికంటే ఆఖర్న పసుపు గుడ్డ విప్పింది. అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి, ఉద్వాసన మాట దగ్గర ఆగిపోయింది. కలెక్టరూ నేనూ ఎటు చూడాలో తెలియక స్కేలు వంక చూశాం. ఆవిడ పటాన్ని రెండు చేతులతో జరిపి, “వెళ్ళిరా స్వామీ. ఆయన అక్కడే ఉన్నాడు, కాస్త చూస్తుండు” అని తెలుగులోనే చెప్పింది. కాగితం నీళ్ళలో వేసి, ఫ్రేము కొంగుతో తుడుచుకుని ఇంటికి తీసుకుపోయింది. ఎక్కడ కలిపానో, ఎట్లా కలిపానో నేను వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

ఇప్పుడు నేను నోయిడాలో ఉంటున్నాను. ఆ సొసైటీలో దీపావళి తరవాతి ఆదివారం ఇప్పటికీ మేడమీద టబ్బులు పెడతారు. ఉద్వాసన చెప్పేది ఆంటీయే, మధ్యలో హిందీలో తర్జుమా కూడా చేస్తుంది. కలెక్టర్ కలెక్టర్ కాలేదు, కరీంనగర్‌లో కోచింగ్ సెంటర్ పెట్టి చాలామందిని చేశాడు. యమున బాగుపడిందా అని అడక్కండి. మొన్న కూడా నురగ చూశాను. కాలువల సంగతి మాట్లాడడానికి నాకంటే గట్టి గొంతులు కావాలి, అవి ఇప్పుడు కొన్ని లేస్తున్నాయి, నేను వెనక వరసలో నిలబడి చప్పట్లు కొడుతున్నాను.

ఎప్పుడైనా పొద్దున్నే కారులో ఆ వంతెన దాటుతుంటే, పొగమంచులో ఇరవైమూడేళ్ళ కుర్రాడొకడు రెండు గోనెసంచులతో నిలబడి ఉన్నట్టే ఉంటుంది. లోకానికంతటికీ చెప్పిన మాటని తనొక్కడే తప్పబోతూ, తప్పలేక, ముక్కు తుడుచుకుంటున్నవాడు. ఒకప్పుడు వాణ్ణి తలుచుకుంటే ఒళ్ళంతా సిగ్గుతో ముడుచుకుపోయేది. ఇప్పుడు కనబడితే కారు ఆపి, డిక్కీ తెరిచి, ఒక సంచి నేను పట్టుకుంటాను. రెండోది వాడే మోసుకోవాలి, నాకు నడుమునొప్పి.